ముల్లు ఎటువైపు తిరిగి ఉంది? కుక్క పట్టెడకు ఒక చిన్న చరిత్ర



ఈసారి వ్యాసం ఆలస్యమైంది, క్షమించండి. చదవడానికి రెండు వారాలు, రాయడానికి ఒక వారం పట్టింది. ఎప్పటిలాగే మా గుడిలో ప్రసాదం కౌంటర్ దగ్గర కూర్చునే మాస్టారు గారు ఎర్ర పెన్నుతో దిద్దారు. ఇంకా తప్పులు మిగిలితే అవి నావే.

ముందు కొత్త మాట చెప్తాను. కుక్క మెడకు కట్టేదాన్ని మనమంతా కాలర్ అంటాం. దీనికి తెలుగు మాట ఉందా అని గుడి వంటింట్లో పిన్నిగారిని అడిగాను. ఆవిడ కూర తరుగుతూనే "పట్టెడ" అన్నారు. పశువుల మెడకు కట్టేదీ పట్టెడే, ఆడవాళ్ళు మెడకు పెట్టుకునే ఒక నగా పట్టెడే. ఈ వ్యాసం నిండా ఆ మాటే వాడతాను.

విషయానికి వస్తాను. జనవరిలో నోవైలో కాలిబాటలు ఎలా ఉంటాయో ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. పైన మెత్తటి మంచు, కింద గాజు లాంటి గడ్డ. మా అబ్బాయి వాళ్ళ కుక్క రాజా జర్మన్ షెపర్డ్, బరువు 75 పౌండ్లు. పొద్దున దాన్ని తిప్పడం నా పని. ఒకరోజు ఉడత కనిపించింది. రాజా ఒక్క లాగు లాగింది, నేను పడ్డాను. ఎముక విరగలేదు, మణికట్టు వాచింది. ఆ వారాంతం మా అబ్బాయి ఒక పెట్టె తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. "నాన్నా, ఇంక దీన్ని తిప్పాలంటే ఇది వేసే తిప్పు" అన్నాడు. అది ప్రాంగ్ కాలర్. మా కోడలికి అది నచ్చలేదు. "మామయ్యగారూ, మీరే చెప్పండి" అంది. ఈలోగా ఎనిమిదేళ్ళ మా మనవరాలు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తాతయ్యా, ముళ్ళు లోపలికి ఉన్నాయేంటి? తప్పుగా తయారు చేశారా?"

నాకు జవాబు తెలియలేదు. అందుకే నోవై పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళాను. ఈ వ్యాసం ఆ పిల్ల ప్రశ్నకు జవాబు.

ముందు ఆ వస్తువు ఎలా ఉంటుందో చెప్తాను. ఇనుప తీగను వంచి చేసిన కొక్కేలు ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. ఒక్కో కొక్కేనికి రెండు మొద్దు ముళ్ళు. అవి కుక్క మెడ వైపు చూస్తుంటాయి. కుక్క లాగితే గొలుసు బిగుసుకుంటుంది, ముళ్ళు అన్ని వైపుల నుంచి చర్మాన్ని నొక్కుతాయి. కుక్క ఆగితే గొలుసు వదులవుతుంది. గొలుసు ఒక హద్దు దాటి బిగుసుకోదు, అందుకని గొంతు నులిమే చోక్ చెయిన్ కన్నా ఇదే నయమని వాడేవాళ్ళు అంటారు. తల్లికుక్క పిల్లను మెడ దగ్గర సుతారంగా కరిచినట్టు ఉంటుందని కూడా అంటారు.

ఇప్పుడు చరిత్ర. నేను అనుకోనిది ఒకటి దొరికింది. ముళ్ళ పట్టెడ చాలా పాతది, కానీ మొదట్లో ముళ్ళు బయటికే ఉండేవి.

రోమ్‌లో వర్రో అనే పండితుడు క్రీ.పూ. 37లో వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. అప్పటికి ఆయనకు ఎనభయ్యో ఏడు నడుస్తోంది. భార్య ఫుందానియా ఒక పొలం కొన్నదట, ఆవిడ కోసం రాశాడు. అందులో గొర్రెల మందను కాసే కుక్కల గురించి ఒక భాగం ఉంది. తోడేళ్ళు కరవకుండా ఆ కుక్కలకు మందమైన తోలు పట్టెడ కట్టాలని, దానికి మేకులు కొట్టాలని చెప్పాడు. మేకుల మొనలు బయటికి, తలలు లోపలికి. ఆ తలల మీద మెత్తటి తోలు కుట్టాలి. ఎందుకంటే ఇనుము గట్టిదనం కుక్క మెడను నొప్పించకూడదు. ఇంకో మాట కూడా రాశాడు. ఒకసారి తోడేలుకు ఆ మేకులు గుచ్చుకుంటే చాలు, తర్వాత పట్టెడ లేని కుక్కల జోలికి కూడా అది రాదట.

నేను ఇంగ్లీషు అనువాదంలో ఈ ముక్క మూడుసార్లు చదివాను. రెండు వేల ఏళ్ళ కిందట ఒక ముసలాయన కుక్క మెడ ఒరుసుకుపోతుందేమో అని ఆలోచించాడు. టర్కీలో కంగాల్ అనే కాపలా కుక్కలకు ఇప్పటికీ ఇలా ముళ్ళు బయటికి ఉన్న ఇనుప పట్టెడలే కడతారు.

మరి ముళ్ళు లోపలికి ఎప్పుడు తిరిగాయి? నాకు దొరికిన దారి వేట వైపు నుంచి వస్తుంది. తుపాకీతో పక్షుల్ని కొట్టే వేటలో కుక్క రెండు పనులు చెయ్యాలి. పక్షి ఉన్న చోట కదలకుండా నిలబడాలి, చచ్చిన పక్షిని నమలకుండా తెచ్చి ఇవ్వాలి. రెండూ కుక్క సహజ గుణానికి ఎదురు. దాన్ని లొంగదీయడానికి ముళ్ళు లోపలికి తిప్పారు. జర్మన్ వేటగాళ్ళ భాషలో ఈ పట్టెడకు ఒక పేరుంది, "కొరాలె". అంటే పగడం! మన పిన్నిగారి పట్టెడలోనూ పగడాలు ఉంటాయి, కానీ అవి గుచ్చుకోవు. నొప్పి పెట్టేదానికి నగ పేరు ఎలా వచ్చిందో అనుకున్నాను.

తర్వాత పోలీసులు వచ్చారు. కొన్రాడ్ మోస్ట్ అనే జర్మన్ పోలీసు అధికారి 1906లో సార్‌బ్రూకెన్ ఊళ్ళో పోలీసు కుక్కలకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాడు. 1910లో పుస్తకం రాశాడు. చాలా తెలివైనవాడు. కుక్క మనిషిలాగా ఆలోచించదని, ఏ పనికి ఏ ఫలితం వచ్చిందో దాన్నిబట్టి నేర్చుకుంటుందని, బహుమతి గానీ శిక్ష గానీ సరిగ్గా ఆ క్షణంలోనే అందాలని రాశాడు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో సైకాలజీవాళ్ళు ఈ సంగతి పెద్దగా చెప్పడానికి ముందే ఆయన చెప్పాడు. కానీ ఆయన పద్ధతిలో బెత్తం, ముళ్ళ పట్టెడ కూడా భాగమే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం కుక్కల పనీ ఆయనే చూశాడు. 1954లో ఆయన పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చింది.

అమెరికాలో ఇంటి కుక్కలకు క్లాసులు పెట్టడం 1930లలో మొదలైంది. హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే ఆవిడ 1933లో న్యూయార్క్ దగ్గర మొదటి పోటీ పెట్టారు. తర్వాత ఆవిడా, బ్లాంచ్ సాండర్స్ అనే శిక్షకురాలూ కారు వెనక ట్రైలర్ తగిలించుకుని, కుక్కల్ని ఎక్కించుకుని దేశమంతా తిరిగి చూపించారు. 1962లో విలియం కోలర్ రాసిన పుస్తకం వచ్చింది. ఆయన డిస్నీ సినిమాల్లో జంతువులకు శిక్షణ ఇచ్చినవాడు. గొలుసు పట్టెడను గట్టిగా గుంజి నేర్పే పద్ధతి ఆ పుస్తకంతో ఇళ్ళలోకి బాగా వెళ్ళింది. అంటే యుద్ధానికీ పోలీసు పనికీ పుట్టిన పద్ధతి మా కాలనీలాంటి కాలనీల్లోకి వచ్చేసింది.

ఇక్కడిదాకా చదివి నేను ఒకటి అనుకున్నాను. "పాపం, ఆ రోజుల్లో వాళ్ళకు ఇంకో దారి తెలియదు." అది తప్పు. అది తప్పని తెలియడమే ఈ మూడు వారాల్లో నేను నేర్చుకున్న అసలు విషయం.

మోస్ట్ పుస్తకానికి పాతికేళ్ళ ముందు, 1885లో, అమెరికాలోనే ఎస్. టి. హామండ్ అనే వేటకుక్కల శిక్షకుడు ఒక పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో కుక్కకు నేర్పడాన్ని ఇంగ్లీషులో "బ్రేకింగ్" అనేవారు, అంటే విరవడం. హామండ్ తన పుస్తకం పేరులోనే విరవడం వేరు, నేర్పడం వేరు అన్నాడు. కొరడా పక్కన పెట్టి, మాంసం ముక్కలు ఇచ్చి నేర్పాడు. అదీ అదే వేట కోసం, అవే పక్షుల కోసం. 1947లో బ్రెలాండ్ దంపతులు బహుమతితో జంతువులకు నేర్పడమే వ్యాపారంగా ఒక కంపెనీ పెట్టారు. వాళ్ళ గురువు బి. ఎఫ్. స్కిన్నర్ 1951లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మామూలు మనుషుల కోసం ఒక వ్యాసం రాశాడు. చేతిలో టిక్‌టిక్‌మనే పిల్లల బొమ్మ, కొంచెం తిండి ఉంటే కుక్కకు ఎలా నేర్పవచ్చో అందులో ఉంది. కోలర్ పుస్తకం దాని తర్వాత పదకొండేళ్ళకు వచ్చింది. 1984లో కారెన్ ప్రయర్ పుస్తకంతో అదే పద్ధతి మళ్ళీ అందరికీ తెలిసింది.

కాబట్టి పూర్వం ముల్లు, ఇప్పుడు ప్రేమ అని చెప్పడానికి లేదు. రెండు దారులూ పక్కపక్కనే ఉన్నాయి. ప్రతి కాలంలోనూ మనుషులు రెంటిలో ఒకటి ఎంచుకున్నారు.

మన దగ్గర ఏమిటని అడుగుతారు కదా. మన ఊళ్ళలో కుక్కకు ముళ్ళ పట్టెడ నేను చూడలేదు. కానీ ఎడ్లకు ముల్లుగర్ర చూశాను.

చిన్నప్పుడు వేసవి సెలవులకు బాపట్ల దగ్గర మా తాతగారి ఊరికి వెళ్ళేవాళ్ళం. ఎడ్లబండి ఉండేది. ముల్లుగర్ర అంటే సన్నటి కర్ర, చివర చిన్న మేకు. కొరడా అయితే చెర్నాకోల, ముక్కులో తాడు ముకుతాడు, ఏనుగుకైతే అంకుశం. ఈ మాటలన్నీ నాకు తెలుసు, ఎందుకంటే ఇవన్నీ చేతితో పట్టుకున్న వస్తువులు. ఒకసారి బండి మీద కూర్చుని సరదాకి ఎద్దును పొడిచాను. తాతగారు కర్ర లాక్కున్నారు. "ముల్లు చూపిస్తే చాలురా, గుచ్చక్కర్లేదు" అన్నారు.

ఇన్నాళ్ళూ అది దయగల మాట అనుకున్నాను. ఇప్పుడు ప్రాంగ్ కాలర్ గురించి చదువుతుంటే అదే మాట మళ్ళీ కనిపించింది. సరిగ్గా వాడితే నొప్పి ఉండదు, కుక్కకు అది ఉందని తెలిస్తే చాలు అని. అప్పుడు ఆ ఎద్దు వెనక భాగం గుర్తొచ్చింది. తోక పక్కన అరచేతి వెడల్పున వెంట్రుకలు లేవు, చర్మం నల్లగా గట్టిపడి ఉండేది. ఒట్టినే చూపిస్తే ఆ మచ్చ రాదు. మా తాతగారు చెడ్డవారు కాదు. ఎండలో పొలం పని సాయంత్రానికి అవ్వాలి, అంతే. పని తొందరలో చూపించే ముల్లు గుచ్చే ముల్లు అవుతుంది.

భారతదేశంలో 1960లో జంతు హింస నిరోధక చట్టం వచ్చింది. దానికి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చాలా కృషి చేశారు. నాట్యం, కళాక్షేత్రం అంటే తెలిసిన ఆవిడే. 1962లో జంతు సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. ఆ చట్టం కింద 1965లో బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం నియమాలు వచ్చాయి. ముల్లున్న కర్ర గానీ, ముళ్ళున్న కళ్ళెం, కాడి లాంటివి గానీ వాడకూడదని అందులో స్పష్టంగా ఉంది. నేను ఆ బండి ఎక్కేనాటికే ఆ నియమాలు ఉన్నాయి. ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు కొంచెం నా సొంత సంగతి. నేను అరవై దాటాక తెలుగు చదవడం ఎందుకు నేర్చుకుంటున్నానో కొందరు అడిగారు. నేను చదివింది ఇంగ్లీషు మీడియం స్కూల్లో. అక్కడ తెలుగులో మాట్లాడితే చెక్క స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. ఆ స్కూలు పేరు చెప్పను, అప్పట్లో అలాంటివి చాలా ఉండేవి. ఆ కాలంతో పోలేదు కూడా. 2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో "ఇంక తెలుగులో మాట్లాడను" అనే అర్థం వచ్చే పలకలు వేలాడదీశారని పేపర్లలో పెద్ద వార్త వచ్చింది.

మా టీచర్లలో ఒకరు కర్రకు పది ఉపయోగాలున్నాయని ఒక సంస్కృత శ్లోకం చెప్పేవారు. మొన్న మాస్టారు గారిని దాని అర్థం అడిగాను. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీళ్ళు, చూపు లేకపోవడం, చీకటి, ముసలితనం. ఇవీ ఆ పది. "మరి పిల్లలు?" అన్నాను. "ఆ పదిలో పిల్లలు లేరు" అన్నారు మాస్టారు గారు. కుక్కలు మాత్రం ఉన్నాయి.

స్కేలు పనిచేసిందా? పనిచేసింది. నేను తెలుగు మాట్లాడటం మానేశాను. కానీ దానివల్ల ఇంగ్లీషు రాలేదు. స్కూల్లో చాలా ఏళ్ళు ఏ భాషలోనూ మాట్లాడకుండా కూర్చున్నాను. మంచి బుద్ధిమంతుడు అని రిపోర్టులో రాశారు. ఇంగ్లీషు తర్వాత వచ్చింది, కథల పుస్తకాలు ఇచ్చిన ఒక లైబ్రేరియన్ వల్ల. అందుకే, ముళ్ళ పట్టెడ వెయ్యగానే కుక్క బుద్ధిగా నడుస్తుందని ఎవరైనా అంటే నేను నమ్ముతాను. అది ఏం నేర్చుకుంది అనేదే నా ప్రశ్న.

పోర్చుగల్‌లో పరిశోధకులు దాదాపు ఇదే ప్రశ్న వేసుకుని 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. వేర్వేరు శిక్షణ స్కూళ్ళ నుంచి 92 కుక్కల్ని తీసుకున్నారు. శిక్ష ఎక్కువగా వాడే స్కూళ్ళ కుక్కల్లో ఒత్తిడి గుర్తులు ఎక్కువ కనిపించాయి. ఇంకో పరీక్ష కూడా పెట్టారు. ఒక చోట గిన్నె ఉంటే అందులో తిండి ఉంటుంది, ఇంకో చోట ఉంటే ఉండదు. గిన్నెను మధ్యలో పెడితే? బహుమతితో నేర్చుకున్న కుక్కలు ఆశగా త్వరగా వెళ్ళాయి. శిక్షతో నేర్చుకున్నవి తటపటాయించాయి. ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

చట్టాలు కూడా మారుతున్నాయి. స్విట్జర్లాండ్‌లో ముళ్ళు లోపలికి ఉన్న పట్టెడలు నిషేధం. ఆస్ట్రేలియా వీటిని దిగుమతి చేసుకోనివ్వదు. మోస్ట్ పుట్టిన జర్మనీలోనే 2022 జనవరి 1 నుంచి కుక్కల శిక్షణలో ముళ్ళ పట్టెడ వాడకూడదు. ఆ నెలలో బెర్లిన్ పోలీసులు తమ కుక్కల్లో చాలావాటిని పనికి దించలేకపోయారు. ఆ పట్టెడ లేకుండా వాటిని ఎలా ఆపాలో వెంటనే తోచలేదు. మన మిషిగన్‌లో నిషేధం లేదు. షాపులో ఎవరైనా కొనుక్కోవచ్చు.

రెండో వైపు మాట కూడా చెప్పాలి. బలమైన కుక్క, నాలాంటి ముసలివాడు, కాలికింద మంచు. నేను తుంటి విరగ్గొట్టుకుంటే? కుక్కను ఆపలేక షెల్టర్‌లో వదిలేస్తే? ముల్లు కన్నా అది ఘోరం కాదా? మా అబ్బాయి అడిగింది ఇదే. వాడు క్రూరుడు కాదు. నా మణికట్టు చూసి భయపడ్డాడు. ఈ పట్టెడ వాడే చాలామంది అలాంటివాళ్ళే అనుకుంటాను.

వాడికి జవాబుగా నాకు దొరికినది మా ఇంటికి దగ్గరలోనే ఉంది. రోచెస్టర్ హిల్స్‌లో లీడర్ డాగ్స్ ఫర్ ది బ్లైండ్ అనే సంస్థ ఉంది. డెట్రాయిట్ వైపు లయన్స్ క్లబ్ సభ్యులు 1939లో దాన్ని స్థాపించారు. చూపు లేనివాళ్ళకు దారి చూపే కుక్కల్ని తయారు చేస్తారు. దారి చూపే కుక్కకు ఉండాల్సిన ఒక గుణం గురించి చదివాను. యజమాని "పద" అన్నా, ఎదురుగా కారు వస్తుంటే అది కదలకూడదు. అంటే మాట వినకూడదు! తప్పు చేస్తే నొప్పి అని మాత్రమే తెలిసిన కుక్క ఆ ధైర్యం ఎలా చేస్తుంది?

గుడి వాళ్ళకు నచ్చే ముక్కతో ముగిస్తాను. మన తెలుగులో మొదటి మహాకావ్యం నన్నయ గారి భారతం. 11వ శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో. దాని ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే దేవతల కుక్క సరమ కొడుకు అక్కడికి వస్తాడు. రాజు తమ్ముళ్ళు ఊరికే కొడతారు. తల్లి వచ్చి రాజును నిలదీస్తుంది. ఏ తప్పూ చెయ్యని సాధువును కొడితే అనుకోని భయాలు వస్తాయని హెచ్చరించి వెళ్ళిపోతుంది. రాజు దగ్గర జవాబు లేదు. అంత పెద్ద కథ మొదట్లోనే ఒక కుక్క న్యాయం అడుగుతుందని నాకు అరవై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు.

మరి మేం ఏం చేశామంటారా? పెట్టె గరాజ్‌లో ఉంది. ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ కొన్నాం. మనవరాలు చీజ్ చిన్న ముక్కలుగా కోసి నా జేబులో పోస్తుంది. రాజా లాగితే నేను చెట్టులాగా ఆగిపోతాను, పక్కకు వస్తే ముక్క ఇస్తాను. మొదటి వారం నాలుగు ఇళ్ళు దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇప్పుడు వీధి చివరిదాకా తాడు వదులుగా ఉంటోంది. ఉడత కనిపిస్తే ఇంకా లాగుతుంది. గడ్డ కట్టిన రోజుల్లో మా అబ్బాయే తిప్పుతాడు. అది మా ఇద్దరి ఒప్పందం.

మనవరాలికి జవాబు కూడా చెప్పాను. "తప్పుగా తయారు చెయ్యలేదమ్మా. ముళ్ళు మొదట బయటికే ఉండేవి, తోడేలు కోసం. తర్వాత మనుషులే లోపలికి తిప్పారు."

"మరి మళ్ళీ బయటికి తిప్పొచ్చుగా?" అంది.

ఈసారి నేర్చుకున్న మాటలు: పట్టెడ, ముల్లుగర్ర, చెర్నాకోల, ముకుతాడు, తటపటాయించడం. చివరిది మాస్టారు గారు ఇచ్చారు. నేను "ఆలోచించి ఆగాయి" అని రాశాను.

మీ ఊళ్ళో ముల్లుగర్రను ఇంకేమైనా అనేవారా? నాకు రాయండి. తప్పులుంటే దిద్దండి. స్కేలు మాత్రం వద్దు.